పందొమ్మిదో పిన్నీసు

షారోన్ వచ్చేసరికి వంటింట్లో రాత్రి వండిన అన్నం గిన్నె మూత తీయకుండా ఉంది. దాని పక్కన ఇడ్లీ పొట్లం. అదీ విప్పలేదు.

"రెండు పూటలు," అన్నాడు శ్యామ్. "మంచినీళ్ళు మాత్రం తాగారు. అదీ నేను చూడనప్పుడు."

తమ్ముడు ఫోన్ చేస్తే బాపట్లలో ఏడుంబావు బస్సెక్కి రేపల్లె వచ్చింది షారోన్. భుజాన సంచి ఇంకా దించలేదు. వరండాలోకి తొంగి చూసింది. తండ్రి జ్ఞానానందం మాస్టారు కుర్చీలో కూర్చుని వాకిట్లోకి చూస్తున్నాడు. వాకిట్లో కారు ఉండే చోట నూనె మరక, చక్రాలకు అడ్డం పెట్టే రెండు ఇటుకలు ఉన్నాయి. కారు లేదు.

"ఏమన్నావురా అసలు?"

"నేనేమంటానక్కా. కారు టాపు కొత్తది వేయించడానికి తెనాలిలో ఇచ్చొచ్చానన్నాను. 'ఆ గుడ్డ తీసేశారా' అన్నారు. పాతది తీయకుండా కొత్తది ఎట్లా వేస్తారు నాన్నా అన్నాను. లేచి వెళ్ళి అక్కడ కూర్చున్నారు. అంతే."

"అడక్కుండా ఎందుకిచ్చావు?"

"అడిగితే ఇస్తారా? ఏడాది నించి అడుగుతున్నా. ఎల్లుండి అమ్మ జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు గారినీ పాస్టరమ్మగారినీ ఎక్కించుకురావాలి. ఆ గుడ్డ చూశావుగా, గుడారంలాగా వేలాడుతోంది. మొన్న క్రిస్మస్‌కి పాస్టరమ్మగారు ఎక్కితే కొప్పు నిండా పొడి. 'పిండిమిల్లుకెళ్ళొచ్చావా వదినా' అని చర్చిలో అందరూ నవ్వారు."

"నవ్వితే నవ్వారు."

"బాపట్లలో ఉండేదానివి, అట్లాగే అంటావు."

షారోన్ సంచి దించింది.

ఆ కారు రెండువేల ఒకటి నాటి జెన్. మాస్టారు హెడ్మాస్టరైన ఏడాది కొన్నాడు. కారు లోపల టాపుకు ఒక అట్ట ఉంటుంది. అట్టకు పల్చటి ఫోము, ఫోముకు గుడ్డ. ఇన్నేళ్ళ ఎండలకు ఫోము పొడైపోయి గుడ్డ కిందికి జారింది. 'ఈ వారం చూద్దాం' అని మాస్టారు రెండేళ్ళు అన్నాడు. భార్య నాగమ్మ పోయాక ఆ మాట కూడా మానేశాడు. దాన్ని ముట్టుకోవద్దన్నాడు. తనూ మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. రోజూ పొద్దున పేపరు తీసుకెళ్ళి, నిలబెట్టి ఉన్న కారులో వెనక సీట్లో కూర్చుని చదువుకుని వచ్చేవాడు.

నాగమ్మ ఆఖరి ప్రయాణం ఆ వెనక సీట్లోనే. గుండెల్లో నొప్పంటే రేపల్లె నుంచి తెనాలి ఆసుపత్రికి మాస్టారే నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. శ్యామ్ ఆ రోజు ఊళ్ళో లేడు. ఆసుపత్రిలో దించిన గంటకు ఆమె పోయింది. 'ఒక్క అరగంట ముందు తెచ్చుంటే' అన్నాడు డాక్టరు. 'గేటు పడింది' అన్నాడు మాస్టారు.

భట్టిప్రోలు దాటాక వచ్చే రైలు గేటు అది. ఏడాదిగా ఆ ఇంట్లో నాగమ్మ చావుకు ఆ రెండు మాటలే కారణం.

"సాయంత్రం తెనాలి వెళ్ళి కారు తెస్తా," అన్నాడు శ్యామ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. రొయ్యల మేత దుకాణంలో అతని పని. తొమ్మిదికల్లా ఉండాలి. "మళ్ళీ ఆ గేటు దాటాలి. ఆ గేటు మనిషి పురుషోత్తం మొహం చూడాలి."

"ఇంకా ఎన్నాళ్ళురా?"

"ఆసుపత్రికి పోయే కారు అని చెప్పినా గేటు ఎత్తలేదు వాడు. పోనీ తప్పయిందన్నాడా? కాలర్ పట్టుకుని అడిగితే, 'ఆ టైములో నేను గేటే వెయ్యలేదు బాబూ' అన్నాడు. నాన్న కార్లోనే ఉన్నారప్పుడు. చచ్చిపోయిన మనిషి మీద ఎవరైనా అబద్ధం ఆడతారా?"

వరండాలో కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

శ్యామ్ వెళ్ళాక షారోన్ ఇడ్లీ ప్లేటులో పెట్టుకుని వచ్చింది.

"తినండి నాన్నా."

"ఆ షాపుకి ఫోన్ చెయ్యి."

"తిన్నాక చేస్తా."

"చెయ్యమ్మా. తీసేశారేమో కనుక్కో. తీసేస్తే పారెయ్యొద్దని చెప్పు."

ఫోన్ ఎత్తింది ఒకావిడ. పేరు కోటేశ్వరమ్మ. "గుడ్డ పొద్దున్నే ఊడదీశానమ్మా. పారెయ్యలేదు. ఆది జాకెట్టు లేకుండా జాకెట్టు కుడతామా? ఆ పాతది పెట్టుకునే కొత్తది కత్తిరిస్తా. ఎవరు, మీ నాన్నగారా? రమ్మనండి. నేను కూడా ఒకటి అడగాలి."

మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఇడ్లీ ప్లేటులోనే ఉంది.

*

తెనాలి బస్సులో తండ్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది షారోన్. చేలల్లో మినుము కోత అయిపోయింది. భట్టిప్రోలులో సగం బస్సు దిగింది, మళ్ళీ అంతమందీ ఎక్కారు. గేటు తీసే ఉంది. బస్సు పట్టాలెక్కి దిగింది. గేటు గది ముందు ఒక మనిషి బిందెతో నీళ్ళు తెచ్చుకుంటున్నాడు. అతనే పురుషోత్తం.

మాస్టారు ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి కూర్చున్నాడు. గేటు దాటాక తలెత్తాడు.

కడుపులో తిప్పేవాళ్ళు అట్లా చేస్తారు. తండ్రికి బస్సు పడదని షారోన్ ఎప్పుడూ వినలేదు.

"వాంతి వస్తోందా నాన్నా?"

"లేదు."

తెనాలిలో దిగి షాపుకు నడిచారు.

షాపు ముందు రేకుల పంచ కింద జెన్ నిలబడి ఉంది. నాలుగు తలుపులూ, వెనక డోరూ తీసి ఉన్నాయి. లోపల టాపు లేదు. ఇనుప రేకు కనిపిస్తోంది. టాపు అట్టను రెండు స్టూళ్ళ మీద బోర్లించి, ముక్కుకు పాత చున్నీ కట్టుకుని, తీగల బ్రష్షుతో గీకుతోంది కోటేశ్వరమ్మ. యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా పసుప్పచ్చ పొడి. ఆమె భర్త లోపల మిషను మీద సీట్లు కుడుతున్నాడు. టాపు పని ఆమెది.

"రండి మాస్టారూ. దగ్గరకి రాకండి, దగ్గొస్తుంది. అమ్మాయ్, ఆ బెంచీ దులిపి కూర్చోబెట్టు."

"ఇదంతా గీకాలాండి?" అంది షారోన్.

"గీకాలి తల్లీ. గీకకుండా పైపైన అతికించేవాళ్ళూ ఉన్నారు. రెండు నెలలు నిగనిగలాడుద్ది. కింద పొడి ఉంటే గమ్ము పొడినే పట్టుకుంటుంది, అట్టని పట్టుకోదు. ఎండ తగిలిందా, మళ్ళీ నెత్తిన పడుద్ది."

"గుడ్డ ఏదమ్మా?" అన్నాడు మాస్టారు.

కోటేశ్వరమ్మ బ్రష్షు కింద పెట్టి, చేతులు దులుపుకుని, గోడ పక్కన చుట్టి పెట్టిన గుడ్డ తెచ్చి చాప మీద పరిచింది. బూడిద రంగు గుడ్డ. దానికి పిన్నీసులు గుచ్చి ఉన్నాయి.

"ఎవరు పెట్టారివి?"

"మా అమ్మ," అంది షారోన్.

"పనిమంతురాలు. ఇరవై ఏళ్ళ నించి చూస్తున్నా. స్టాప్లర్ కొట్టినవాళ్ళున్నారు, టేపు వేసినవాళ్ళున్నారు. దుగ్గిరాల నించి ఒకాయన బొట్టుబిళ్ళలు అంటించుకొచ్చాడు, వాళ్ళావిడవట. ఇట్లా ఎవరూ పెట్టలా. చూడు, అన్నీ ఒకే ఏటవాలు. అట్టలోకి తిప్పి గుచ్చి మూసింది. పద్దెనిమిది. నేనెందుకు లెక్కపెట్టానంటే, ఒక్కటి అట్టలో ఉండిపోయినా రేపు కొత్త గుడ్డలోంచి పొడుచుకొస్తుంది. అందుకని తీసింది తీసినట్టు మళ్ళీ దాని చోటే గుచ్చా."

షారోన్ చాప పక్కన కూర్చుంది. ఆ పిన్నీసులు ఆమెకు తెలుసు. బాపట్ల నుంచి వచ్చినప్పుడల్లా ఒక అట్ట పిన్నీసులు తెమ్మనేది తల్లి. నాగమ్మ గాజులకు ఎప్పుడూ నాలుగైదు వేలాడుతుండేవి. 'ఇన్ని ఏం చేసుకుంటావమ్మా' అని అడిగింది ఒకసారి. 'వాడుకుంటాన్లేవే' అంది తల్లి. మళ్ళీ అడగలేదు.

"పద్దెనిమిదీ ముందు సీటు మీదే," అంది కోటేశ్వరమ్మ. "డ్రైవరు నెత్తి పైన. ఆవిడ ఎక్కడ కూర్చునేది?"

"వెనక," అన్నాడు మాస్టారు. "కాళ్ళు వాచేవి. చాపుకుని కూర్చునేది."

"అదీ సంగతి. నడిపే మనిషి కళ్ళకి అడ్డం పడకుండా చూసుకుంది. తన మీద పడితే పడిందిలే అనుకుంది."

మాస్టారు బెంచీ మీది నుంచి లేవలేదు. చాప వైపు చూడలేదు.

"ఇక ఇదొకటి," అంది కోటేశ్వరమ్మ. గుడ్డ రెండో చివర పట్టుకుని చూపించింది. అక్కడ ఒక్క పిన్నీసు ఉంది. మిగతా వాటికంటే పెద్దది. వంగి ఉంది. మూయలేదు. "ఇది వెనక సీటు మీది. ఇది ఆవిడ చెయ్యి కాదు. చుట్టూ చిల్లులు చూడు, పదకొండు. చేతకాక పొడిచి పొడిచి వదిలారెవరో. దీని మొన విరిగింది. ఆ ముక్క అట్టలో ఉందా, ఎక్కడైనా పడిపోయిందా అని అడుగుదామనే రమ్మన్నా. పొద్దుటి నించి వెతుకుతున్నా."

"అట్టలోనే ఉంటుంది," అన్నాడు మాస్టారు.

"మీకెట్లా తెలుసు?"

"గుచ్చింది నేను."

షారోన్ తలెత్తింది. "ఎప్పుడు నాన్నా?"

కోటేశ్వరమ్మ తండ్రినీ కూతురినీ చూసింది. బ్రష్షు తీసుకుని అట్ట అవతలి వైపుకు వెళ్ళింది. గీకే చప్పుడు మళ్ళీ మొదలైంది.

"ఎప్పుడు నాన్నా?"

"ఆ రోజే."

లోపల మిషను ఆగింది, మళ్ళీ తిరిగింది.

"భట్టిప్రోలు దాటాక 'ఏవండీ, ఊపిరాడట్లేదు' అంది," అన్నాడు మాస్టారు. "వెనక్కి తిరిగి చూశాను. గుడ్డ మొహం మీద పడి ఉంది. కారు పక్కకి ఆపాను. గుడ్డ వల్ల అనుకున్నాను."

షారోన్ చాప మీది గుడ్డ కొస పట్టుకుంది.

"పట్టుకుని లాగాను. పొడి అంతా మొహాన పడింది. దగ్గు. కళ్ళు తెరవలేకపోయింది. సీసాలో నీళ్ళతో తుడిచాను. ఇక లాగకూడదు, మడిచి పిన్ను పెడదామనుకున్నాను. పిన్ను లేదు. గాజులకి ఒక్కటి లేదు. అన్నీ నా నెత్తి మీదున్నాయి. వాటిలోది ఒకటి తియ్యాలని తోచలా. 'ఆగండి' అని పమిటకున్నది తనే తీసి ఇచ్చింది."

ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"గుచ్చితే వంగుతుంది, వదిలితే పడుతుంది. చివరికి నిలిచింది. 'ఇప్పుడు బాగుందా' అన్నాను. తల ఊపింది. మళ్ళీ బయల్దేరి గేటు దాకా వెళ్ళానో లేదో, 'ఊపిరాడట్లేదండీ' అంది. అప్పుడు మొహం మీద గుడ్డ లేదు."

"ఎంతసేపు ఆపారు?"

"ఇరవై ఐదు నిమిషాలు. వాచీ చూశాను."

"గేటు?"

"తీసే ఉంది."

షారోన్ వంగిన పిన్నీసును వేలితో ముట్టుకుంది. "శ్యామ్ అతని కాలర్ పట్టుకున్నప్పుడు మీరు కార్లోనే ఉన్నారు."

"ఉన్నాను."

"గేటు వెయ్యలేదని చెప్పాడతను."

"చెప్పాడు. చెబుతూ నా వైపు చూశాడు." మాస్టారు ఆగాడు. "నేను అద్దం ఎక్కించుకున్నాను."

*

పన్నెండు దాటాక కోటేశ్వరమ్మ వచ్చి అరచెయ్యి చాపింది. అందులో ఆవగింజంత ఇనుప ముక్క ఉంది.

"దొరికింది మాస్టారూ. అట్టకీ గుడ్డకీ గమ్ము రాశా. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండాలి, అప్పుడే వెయ్యాలి. దాటితే పట్టదు. ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఆపేస్తా."

షారోన్ తండ్రి వైపు చూసింది.

"వెయ్యమ్మా," అన్నాడాయన.

"అయితే వచ్చి ఆ కొస పట్టుకోండి. మా ఆయనకి సీటు పని ఉంది. మధ్యలోంచి మొదలెట్టి అంచులకి రావాలి. అంచునించి వస్తే గాలి లోపలే ఉండిపోద్ది, బుడగలు లేస్తాయి."

మాస్టారు చొక్కా చేతులు మడిచాడు. కొత్త గుడ్డ కొస పట్టుకుని, ఆమె చెప్పినట్టు కొంచెం కొంచెం దించాడు. ఆమె అరచేత్తో మధ్య నుంచి రాస్తూ వచ్చింది. తనవైపు వచ్చినప్పుడు ఆయనా రాశాడు. ఒక్క చోట ముడత పడితే వెనక్కి తీసి మళ్ళీ వేశారు. అంచులు మడిచి అట్ట వెనక అతికించేటప్పటికి గంట అయింది.

"చెయ్యి బాగుంది మాస్టారూ," అంది కోటేశ్వరమ్మ. "ఇది కాసేపు ఆరనివ్వాలి. మీరేదైనా తినిరండి."

ఎదురుగా బడ్డీ కొట్టులో షారోన్ రెండు అరటిపళ్ళు కొని ఆయన చేతిలో పెట్టింది. తిన్నాడు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు.

"వాడికి ఎప్పుడు చెబుతారు?"

"కూడిక అవనీ."

"కూడికలో వాడు సాక్ష్యం చెబుతాడు నాన్నా. మొదలెట్టేదే గేటుతో. పాస్టరు గారు గేటు మనిషి మనసు మార్చమని ప్రార్థన చేస్తారు. మీరు ఆమెన్ అంటారా?"

మాస్టారు అరటితొక్క మడిచి పట్టుకున్నాడు.

"నలభయ్యో రోజు కూడికలో అన్నారు," అంది షారోన్. "నేను మీ పక్కనే ఉన్నా. గట్టిగా అన్నారు."

"అన్నాను."

"నేను చెప్పనా వాడికి?"

"వద్దు."

"మరి నేనూ దాచాలా? మీరు మీ పంటి కింద పెట్టుకున్నది నా నోట్లో కూడా పెడతారా?"

"వాడు మళ్ళీ నన్ను నాన్నా అనడమ్మా."

షారోన్ లేచి నిలబడింది. వెళ్ళడానికి చోటు లేక మళ్ళీ కూర్చుంది. "అమ్మ పిన్నీసులు తెమ్మంటే తెచ్చిచ్చాను," అంది. "ఎందుకో అడిగి ఉంటే నేనే ఈ టాపు వేయించేదాన్ని."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. చేతికి గమ్ము ఉంది. వెనక్కి తీసుకున్నాడు.

తామిద్దరూ షాపులోనే ఉన్నామని షారోన్ ఫోన్ చేసి చెబితే ఐదున్నరకు శ్యామ్ వచ్చాడు. అట్ట అప్పటికే కారులోకి ఎక్కించి బిగించారు. తలుపు తీసి, లోపలికి వంగి, పైకి చూశాడు.

"అబ్బ. మన కారేనా?" వేలు పెట్టబోతే కోటేశ్వరమ్మ చేతిమీద ఒక్కటేసింది.

"నాలుగు రోజులు నొక్కొద్దు. ఎండలో పెట్టొద్దు. అద్దాలు కొంచెం దించి ఉంచు."

"చూశారా నాన్నా? కోపం పోయిందా? అమ్మ ఉంటే..." అని ఆగాడు. తండ్రి మొహం చూసి, "తిన్నారా అక్కా?" అన్నాడు.

"తిన్నారు."

కోటేశ్వరమ్మ పాత గుడ్డ మడిచి కవరులో పెట్టింది. పద్దెనిమిది పిన్నీసులు ఒక దారానికి గుచ్చి షారోన్ చేతికిచ్చింది. వంగిన పిన్నీసు మాస్టారు తనే అడిగి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

శ్యామ్ అలవాటు ప్రకారం ఆయనకు వెనక తలుపు తెరిచాడు. ఆయన ముందు కూర్చున్నాడు. వెనక సీట్లోకి షారోన్ ఎక్కింది. తల వెనక్కి వాల్చితే పైన కొత్త గుడ్డ సాఫుగా ఉంది. ఎక్కడా చిల్లు లేదు.

*

ఈసారి గేటు నిజంగానే పడి ఉంది.

ముందు ఒక ట్రాక్టరు, ఆటో. శ్యామ్ ఇంజను ఆపాడు. పొద్దు గుంకడానికి ఇంకా టైముంది. పురుషోత్తం గేటు పక్కన చేతిలో జెండాతో నిలబడ్డాడు. వెనక్కి తిరిగి వరస చూశాడు. జెన్‌ని చూసి మొహం పట్టాల వైపు తిప్పుకున్నాడు.

"చూశారా, చూడలేడు," అన్నాడు శ్యామ్. తరవాత కొంచెం నెమ్మదిగా, "నాన్నా, నిన్న పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఏడాదైంది, ఇక వదిలెయ్యి బాబూ అన్నారు. ఎల్లుండి సాక్ష్యంలో అందరి ముందూ చెబుదామనుకున్నా, ఆ మనిషిని క్షమించానని. ముందు ఆ మనిషికి చెప్పకుండా అక్కడ చెప్పడమేంటి? ఇప్పుడే చెప్పొస్తా. రెండు నిమిషాలు."

తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

షారోన్ వెనక నుంచి తండ్రి మెడ చూస్తోంది. ఆయన జేబులో వేళ్ళు పెట్టాడు.

"ఆగు," అన్నాడు.

"వచ్చేస్తా నాన్నా, ఇంకా రైలు రాలేదుగా."

"ఆగరా." పిన్నీసు తీసి స్టీరింగు ముందున్న పలక మీద పెట్టాడు. "ఇది మీ అమ్మ పమిటది. ఆ రోజు గేటు పడలేదు శ్యామ్."

రైలు వచ్చింది. పెట్టెలు ఒకటొకటిగా దాటుతున్నంతసేపూ మాస్టారు ముందుకే చూస్తూ చెప్పాడు. కారు ఆపడం, గుడ్డ లాగడం, పిన్నీసు, పదకొండు చిల్లులు. పొద్దున చెప్పిన మాటలే, అదే వరసలో. శ్యామ్ చెయ్యి పిడి మీదే ఉంది. ఆఖరి పెట్టె దాటింది.

గేటు లేచింది. ట్రాక్టరు కదిలింది. ఆటో వెళ్ళింది. వెనక బస్సు హారన్ కొట్టింది. జెన్ కదల్లేదు.

"వాడు నాకు చెప్పాడు," అన్నాడు శ్యామ్. ఎవరి వైపూ చూడలేదు. "నాకు చెప్పాడు."

"శ్యామ్," అంది షారోన్.

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. పురుషోత్తం జెండా చుట్టుకుంటూ, ఏమైందో కనుక్కుందామని కారు దగ్గరికి నడిచి వస్తున్నాడు. నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. చొక్కా కాలర్ సర్దుకున్నాడు.

శ్యామ్ తలుపు తీశాడు. ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు. రెండో కాలు లోపలే ఉంది.